గురువారం పేషెంటు

మా తాత ఎవరినైనా ముందు చేతులు చూస్తాడు, తర్వాతే ముఖం. ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి మరి. స్టాపులో స్తంభం చాటున నిలబడి, బస్సు ఆగీ ఆగకముందే వెనక తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడట. డిపోలో అందరూ ‘గద్ద’ అని పిలిచేవాళ్లు, ఎదురుపడితే మాత్రం ‘సారు’. టికెట్ లేనివాడు తనిఖీవాణ్ని చూడగానే కిటికీలోంచి బయటకు చూస్తాడట. ఆ తర్వాత నవ్వుతాడట. ఆ తర్వాతే జేబులు తడుముకోవడం మొదలవుతుందట. ఈ మూడూ నాకు మా తాత పలకా బలపం కంటే ముందు నేర్పాడు.

రిటైరయ్యాక బస్సులు లేక ఆ కన్ను ఇంటి మీద పడింది. పాలవాడి కొలత, కూరగాయల తక్కెడ, కరెంటు మీటరు, నా ముఖం, వరుసగా అన్నీ తనిఖీకి వచ్చాయి. నేను తాతా అమ్మమ్మల దగ్గరే ఉంటాను. యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్సు షాపులో నా పని, వాళ్లింటి నుంచి అక్కడికి పది నిమిషాల నడక. చదువు నన్ను ఇంటర్ దగ్గర రెండుసార్లు తన్నింది. మూడోసారి దాన్ని నేనే తన్నేశాను.

“అన్ని పుస్తకాలు నీ చేతి మీదుగా పోతాయి, ఒక్కటైనా తలలోకి పోదేమే?” అంటాడు తాత.

“నీ చేతి మీదుగా అన్ని టికెట్లు పోయాయి కదా తాతా, నువ్వు ఏ ఊరెళ్లావు?” అంటాను నేను.

అమ్మమ్మదీ తక్కువ అనుమానం కాదు, జాతి వేరు. తాతకు అనుమానం వస్తే మొరుగుతాడు. అమ్మమ్మకు అనుమానం వస్తే పిల్లిలా ఓ మూల కూర్చుని కళ్లు సగం మూస్తుంది. నిద్రపోతోందని మనం అనుకోవాలి.

రెండేళ్ల కిందట తాత గుండెకు ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆయన మంచం లోపలి గదిలోంచి హాల్లోకి వచ్చింది. గాలి బాగా ఆడుతుందని అమ్మమ్మే వేయించింది. నాలుగు రోజులకని వచ్చిన మంచం రెండేళ్లయినా కదల్లేదు. గాయం మానింది, తాత మెట్లెక్కుతున్నాడు, నాతో పోట్లాడుతున్నాడు, మంచం మాత్రం హాల్లోనే ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో కొన్ని సంగతులు గొంతులో పడ్డ వెలక్కాయలు. మింగలేరు, కక్కలేరు, అయినా వాటితోనే అన్నం తింటూ ఉంటారు.

అమ్మమ్మకో చెల్లెలుంది. రైల్లో పది గంటల దూరం. కిందటేడు భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. అక్కా, వచ్చి నా దగ్గర ఉండిపో అని ఫోన్ మీద ఫోన్ చేసేది. మొదట్లో అమ్మమ్మ నవ్వి కొట్టిపారేసేది. ఈ మధ్య కొట్టిపారేయడం మానేసింది. ఓ రోజు ఫోన్లో, ఇక్కడ నాతో ఎవరికి పని, వచ్చే నెలాఖరుకల్లా ఏ సంగతీ చెప్తాను అంటోంటే నేను విన్నాను. తాత కూడా విన్నాడు. “ఉండు” అని ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. వెళ్లాలనున్న మనిషికి అడ్డు పడి ఏం సాధిస్తాం అని నాతో గొణిగాడు. అమ్మమ్మేమో, ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు చూశావా, ఎప్పుడు పోతానా అని చూస్తున్నాడు అని అదీ నాతోనే గొణిగింది. ఇద్దరూ పెట్టె మూత తీసి నాలో ఉత్తరాలు పడేసేవాళ్లే. బట్వాడా చేయనిచ్చేవాళ్లు మాత్రం కాదు.

అలాంటి రోజుల్లో సైకాలజీ డిపార్ట్‌మెంటు నుంచి ఓ నోటీసు జిరాక్సుకు వచ్చింది. ఎమ్మే విద్యార్థుల శిక్షణలో సాయపడటానికి అరవై దాటిన స్త్రీ పురుషులు కావలెను, నటనలో అనుభవం అక్కర్లేదు అని ఉంది. తాతను ఇంట్లోంచి వారానికి ఓ పూటైనా బయటికి పంపొచ్చు కదా అని ఓ కాపీ ఎక్కువ తీసి పట్టుకొచ్చాను. తాత దాన్ని వెలుతురుకు అడ్డంగా పెట్టి, ముందూ వెనకా చూసి, “నటన అక్కర్లేదని ప్రత్యేకంగా రాశారంటే అది నటనే” అన్నాడు. అయినా మర్నాడు వెళ్లాడు. ఆ మోసమేదో పట్టుకుందామనే వెళ్లాడు.

అక్కడి మేడమ్‌కు యాభై ఏళ్లుంటాయి. జీరగొంతు, పొట్టిజుట్టు, దేనికీ బెదరని మనిషి. ఆవిడ చెప్పే పాఠం పేరు మానవ లైంగికత. ఆ మాట వినగానే మా తాత కిటికీలోంచి బయటకు చూశాడట. తర్వాత నవ్వాడట. తనను తాను పట్టుకున్నాడు గనక ఈ ముక్క దాచకుండా నాతో చెప్పాడు.

మేడమ్ ఆయనకు విడమరిచి చెప్పింది. ఈ పిల్లలు రేపు కౌన్సెలర్లవుతారు. నిద్ర పట్టడం లేదనో, దిగులుగా ఉందనో చెప్పుకుంటూ మనుషులు వీళ్ల దగ్గరికి వస్తారు. వాళ్ల బాధలో సగం పడకగదిలో ఉంటుంది. దాని గురించి అడగడం రాకపోతే ఆ సగం అక్కడే ఉండిపోతుంది. పెద్దవాళ్ల దగ్గర మరీ కష్టం. తలనెరిసిన మనిషిని సెక్స్ గురించి అడగాలంటే పిల్లలకు నోరు పెగలదు. నిజంగా బాధల్లో ఉన్నవాళ్ల మీద సాధన చేయించకూడదు కాబట్టి మీలాంటి వాళ్లు ఓ కార్డు చదువుకుని, అందులో ఉన్న మనిషిలా కూర్చోవాలి. కార్డులోని అసలు సంగతి సూటిగా అడిగితేనే చెప్పాలి, డొంకతిరుగుడుగా అడిగితే చెప్పకూడదు. సొంత జీవితం సంగతులు మాత్రం ఎప్పుడూ తేకూడదు. పిల్లల తప్పులు బయట చెప్పకూడదు. అయిపోయాక ఓ ఫారం మీద ఎవరు ఎలా అడిగారో రాసివ్వాలి.

ఆ ఆఖరి ముక్క దగ్గర తాత వలలో పడ్డాడు. ఫారం! మళ్లీ తనిఖీ! మనుషులు వచ్చి ఎదురుగా కూర్చుంటారు, ఎవరి దగ్గర సరుకుందో ఎవరి దగ్గర లేదో తను రాస్తాడు. ప్రతి గురువారం రెండింటికి వస్తానని అక్కడే ఒప్పుకున్నాడు. కార్డులూ ఫారాలూ జిరాక్సుకు నా దగ్గరికే వస్తాయి కాబట్టి నాతో చెప్పడం నేరం కిందికి రాదని ఆయనే తీర్పిచ్చుకున్నాడు. అమ్మమ్మతో మాత్రం యూనివర్సిటీలో చిన్న పనుందన్నాడు. ఏం పనంటే, చిన్నదే అన్నాడు. అమ్మమ్మ కళ్లు సగం మూసింది.

మొదటి గురువారమే తాత ఉరుములా ఇంటికొచ్చాడు. నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“చేతులు చూపించు.”

చూపించాను. టోనరు మసి తప్ప ఏమీ లేదు.

“నా సంగతి వాళ్లకు ఎవరు చెప్పారు? నువ్వా, మీ అమ్మమ్మా?”

ఆయనకిచ్చిన కార్డులో మనిషికి అరవై ఏడేళ్లు. గుండె ఆపరేషనైంది. అప్పటి నుంచి భార్య పక్కన పడుకోవడం లేదు. తన ఒంటి మీది గాటు చూసి ఆమెకు రోత పుట్టిందని అనుకుంటున్నాడు. బయటికి మాత్రం నిద్ర పట్టడం లేదని చెప్తాడు. ఆ కార్డుకు జిరాక్సు తీసింది నేనే, కానీ చదవలేదు. మా షాపులో చదవడం మొదలుపెడితే పని సాగదు. ఒట్టు పెట్టి చెప్పినా తాత నమ్మలేదు. మేడమ్‌నూ అడిగాడట. మీరు చేరేటప్పుడు నింపిన ఫారంలో గుండె ఆపరేషనైందని రాశారు కదా, నమ్మకంగా ఉంటుందని ఆ కార్డిచ్చాం, ఆ ఆపరేషనైన వాళ్లలో సగం మంది ఇళ్లలో ఇదే కథ అందట ఆవిడ.

“సగం మందట!” అన్నాడు తాత. “టికెట్ లేని ప్రతివాడూ ఇదే అంటాడు, అందరూ ఇంతే కదా సార్ అని.”

ఆ గాటూ రోతా అన్న ముక్క మా ఇంటి హాల్లో మంచానికి జవాబని నాకప్పుడే తట్టింది. తాతను ఆటపట్టించడానికి నాకు వంద మాటలొచ్చు, ఆ పూట ఒక్కటీ రాలేదు.

కార్డు మార్చమని అడగొచ్చు కదా, అడగలేదు. మార్చమంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పాలి. పైగా ఎవరో మోసం చేశారన్న అనుమానం తీరేదాకా గద్ద ఆ కొమ్మ దిగదు. ప్రతి గురువారం నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన కథే వేరొకడి కథలా చెప్పడానికి వెళ్లేవాడు. సూటిగా అడిగితే చెప్పాలి. ఎవరూ అడగలేదు.

ఒకతను నిద్ర పట్టకపోవడానికి అజీర్తి కారణమేమోనని అరగంట పొట్ట గురించే అడిగాడట. ఇంకొకామె మీకు తోటపని ఇష్టమా అందట. మరొకతను, మీరూ మీ ఆవిడా అంతా బాగానే ఉన్నారు కదా అని ప్రశ్నా జవాబూ తనే చెప్పుకుని, చెమట తుడుచుకుని, చెయ్యి కలిపి వెళ్లిపోయాడట. ఒక్క పొడుగమ్మాయి మాత్రం దగ్గర దాకా వచ్చింది. అదురూ బెదురూ లేకుండా కళ్లలోకి చూసి, “మీరిద్దరూ దగ్గరగా ఉన్నప్పుడు...” అని మొదలుపెట్టి పెన్ను కింద పడేసుకుంది. బల్ల కిందికి వంగి, పైకి లేచేటప్పటికి వేరే ప్రశ్నతో లేచింది.

ఇవన్నీ చెప్పి తాత పగలబడి నవ్వేవాడు. నవ్వయ్యాక చొక్కా గుండీలు తడుముకునేవాడు.

“అడిగితే చెప్పేస్తావా తాతా?” అన్నాను ఓసారి.

“కార్డులో ఉన్నది చెప్తాను.”

“అదేలే, కార్డులో ఉన్నదే.”

“నీకు ఇంటర్ పోవడమే మంచిదైంది, ఇంకా చదివుంటే ఇల్లు కూల్చేదానివి” అన్నాడు.

ఈలోగా పిల్లి పని పిల్లి చేస్తోంది. అమ్మమ్మ చొక్కాలు ఉతికే ముందు వాసన చూసేది. గురువారం గడ్డం గీసుకునే సబ్బు మారిందని కనిపెట్టింది. నాలుగో వారం జేబులో ఓ కాగితం దొరికింది. ఫారం మీద రాసేముందు తాత చిత్తు రాసుకుంటాడు, అది మర్చిపోయాడు. అమ్మమ్మ దాన్ని తడవకుండా మడిచి నా ముందు పెట్టింది. తాత గుండ్రటి అక్షరాలే. ‘పొడుగమ్మాయి. కళ్లలోకి చూసి మాట్లాడింది. బెరుకు తగ్గింది. గొంతు మెత్తన, మనసుకు హాయి. అసలు విషయం దాకా వచ్చి వెనక్కి తగ్గింది. తొందర పెట్టకూడదు. వచ్చే వారం తప్పకుండా వస్తుంది.’

నాకు నవ్వాగలేదు. నేను నవ్వడం చూసి అమ్మమ్మ ముఖం మరీ బిగుసుకుంది.

“నీకు తెలుసన్నమాట.”

తెలుసు, కానీ చెప్పనని తాతకు మాటిచ్చాను. నువ్వనుకునేది కాదు అమ్మమ్మా అన్నాను. నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు అంది. అదీ నిజమే. ఆ సైకాలజీ డిపార్ట్‌మెంటుకే వెళ్లి చూసుకో అన్నాను చివరికి. ఊరికే ఓ మాట అన్నాను. ఆవిడ నిజంగా వెళ్తుందని నేననుకోలేదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు గురువారం వచ్చింది. తాత వెళ్లిన పావుగంటకు అమ్మమ్మ మంచి బట్టలు కట్టుకుని, చేతిసంచీ తీసుకుని, తలుపుకు తాళం వేసింది. నేను షాపులో ఉండగా గేటు దాటుతూ కనిపించింది. పిలిచాను. వినిపించనట్టు వెళ్లిపోయింది. షాపు వదిలి పరుగెత్తే వీల్లేదు, మెషిన్లో అరవై పేజీల థీసిస్ నడుస్తోంది. తర్వాత జరిగింది తాతా, అమ్మమ్మా, పొడుగమ్మాయీ తలొక రకంగా చెప్పారు. మూడు ముక్కలూ కలిపి నేనే కుట్టాను. ఎక్కడైనా కుట్టు వంకర పోతే నన్నే తిట్టుకోండి.

ఆ రోజు డిపార్ట్‌మెంటులో తాత వంతు కాదు. ఆడవాళ్ల కార్డుతో సాధన. దానికి ఓ రిటైరైన నర్సు కొత్తగా వస్తానని ఫోన్లో ఒప్పుకుంది. ఆఫీసు గుమాస్తా ఆవిణ్ని ఎప్పుడూ చూడలేదు. రెండు దాటింది, ఆవిడ జాడ లేదు, మేడమ్ రెండుసార్లు తల బయటపెట్టి చూసింది. సరిగ్గా అప్పుడే మా అమ్మమ్మ వెళ్లి గుమాస్తా బల్ల ముందు నిలబడింది. మా ఆయన్ని ఎవరితో తిరుగుతున్నాడో పట్టుకోవడానికొచ్చాను అని ఏ ఆడది చెప్తుంది? గుంభనంగా, “గురువారం రెండింటి పని ఒకటుందట, ఆ సంగతి చూడటానికొచ్చాను” అంది. ఆ గుమాస్తా ప్రాణం లేచొచ్చింది. రండమ్మా, మీకోసమే అందరూ ఎదురుచూస్తున్నారు అన్నాడు. తన కోసం ఎదురుచూడటమేమిటని అమ్మమ్మకు అనుమానం తగిలింది. అంటే అందరికీ తెలుసన్నమాట. ఓ కార్డు చేతిలో పెట్టి చదువుకోమన్నాడు. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది, అడగడం నామోషీ. లోపలికి వెళ్లనిచ్చే చీటీ కాబోలనుకుని సంచీలో వేసుకుంది.

చిన్న గది. రెండు కుర్చీలు, ఓ బల్ల, దాని మీద మంచినీళ్లు, కాగితపు రుమాళ్లు. గోడకు నిలువెత్తు అద్దం. ఆ అద్దం అవతల ఇంకో గది ఉంటుంది. అటునుంచి చూస్తే ఇటు కనిపిస్తుంది, ఇటునుంచి చూస్తే మన ముఖమే కనిపిస్తుంది. అటువైపు మేడమ్, ఎనిమిది మంది విద్యార్థులు, ఫారం ఒళ్లో పెట్టుకుని మా తాత. కొత్తావిడ ఎలా చేస్తుందో చూసి చెప్పమని మేడమే ఆయన్ని కూర్చోబెట్టింది.

తలుపు తెరుచుకుని అమ్మమ్మ వచ్చింది. నేరుగా అద్దం దగ్గరకొచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, చెవి పక్క జుట్టు సర్దుకుంది. తాతకూ ఆవిడకూ మధ్య జానెడు దూరం. రెండేళ్లలో ఆవిడ ముఖం అంత దగ్గరగా చూడలేదు అన్నాడు తాత.

అప్పుడే లేచి చెప్పాలి కదా, చెప్పలేదు. ఆ నిమిషం ఆయన బుర్రలో ఉన్నది ఒక్కటే. పట్టుబడ్డారు! మేడమూ ఈవిడా కలిసే నాటకమాడారు, ఆ కార్డు ఈవిడ చెప్తే రాసిందే. ఇక నోరు మెదపకుండా చూస్తే గుట్టంతా బయటపడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, స్తంభం చాటు దొరికాక బయటికి రాబుద్ధి కాలేదు.

పొడుగమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. అమ్మమ్మ ఆమె పొడుగు కింది నుంచి పైదాకా కొలిచింది. ఈ అమ్మాయేనన్నమాట. మనవరాలి వయసు. అమ్మాయి నేర్చుకున్నట్టే పద్ధతిగా, మనం మాట్లాడుకునేది ఈ అద్దం అవతల మా టీచరూ క్లాసువాళ్లూ చూస్తుంటారు, వింటుంటారు, మీకు అభ్యంతరం లేదు కదా అంది. అమ్మమ్మ అద్దం వైపు ఓసారి చూసింది. చాలాసేపు చూసిందని పొడుగమ్మాయి అంటుంది. ఊరికే అలా చూశానని అమ్మమ్మ అంటుంది.

“వినేవాళ్లను విననీ. అడుగమ్మా” అంది.

ఇంట్లో ఎవరెవరుంటారు, ఒంట్లో ఎలా ఉంది, భర్త ఆరోగ్యం ఎలా ఉంది అని అమ్మాయి అడిగింది. ఆపరేషన్ సంగతి వచ్చింది. ఆడవాళ్ల కార్డులో ఆపరేషన్ ఎక్కడుందని మేడమ్ కాగితం తిప్పి చూసుకుంటోంది. ఆ అమ్మాయి పెన్ను బల్ల మీద పెట్టేసి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

“ఆపరేషన్ తర్వాత మీ ఇద్దరి పడక సంబంధంలో, అంటే సెక్స్ విషయంలో, ఏమైనా మారిందా అమ్మా?”

అడిగేసింది. అటుగదిలో ఎనిమిది మందీ కుర్చీల్లో ముందుకు వంగారు. తాత ఫారం మీద టిక్కు పెట్టబోయి ఆగిపోయాడు. నా భార్యను ఈ మాట అడిగే ధైర్యం ఈ పిల్లకు ఎక్కడిదని కోపమూ వచ్చిందట, తను ఐదు వారాలుగా ఎదురుచూసిన ప్రశ్న ఇదేనని సంతోషమూ వచ్చిందట.

అమ్మమ్మ మంచినీళ్లు తాగింది. “ఈ మాట నన్నెవరూ అడగలేదు. రెండేళ్లు” అంది. అమ్మాయి మాట్లాడలేదు. అలా ఊరుకోవడమూ వాళ్లకు నేర్పుతారట.

“ఇంటికి పంపేరోజు డాక్టరు ఆయనకు శ్రమ పెట్టొద్దన్నాడు. బరువులెత్తొద్దు, కోపం తెప్పించొద్దు, శ్రమ పెట్టొద్దు. ఏ శ్రమ, ఎన్నాళ్లు అని నేనడగాలి. నోరు రాలేదు. ఈ వయసులో ఇదా నీ బాధ అంటాడని. మంచం నేనే హాల్లో వేయించాను. నా వల్ల ఆయనకేమన్నా అయితే? ఆరునెలలయ్యాక ఆయనే వస్తాడనుకున్నాను. రాలేదు. అలవాటు తప్పింది, మనసూ తప్పిందనుకున్నాను. ఇప్పుడేమో గురువారాలు...” కాగితపు రుమాలొకటి లాగింది. “అసలు నేనేమనుకుంటున్నానంటే...”

అక్కడ తాత లేచాడు.

“ఆపండి. ఆవిడ చెప్పేది కార్డు కాదు. ఆవిడ నా భార్య” అన్నాడు.

మేడమ్ తేరుకునేలోగా తనే గోడ మీది మీట నొక్కి స్పీకరు ఆపేశాడు. అద్దంలో అమ్మమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. తాత వీపు అటు తిప్పి, ఎవరూ అటు చూడకండి అని పిల్లలకు చెప్పి, గది బయటికొచ్చాడు. ఒక మనిషి తన గురించి ఏమనుకుంటోందో చాటుగా వినే అవకాశాన్ని మా తాత చేతులారా వదులుకున్నాడంటే డిపోలో ఎవరూ నమ్మరు. మొదట అమ్మమ్మ కూడా నమ్మలేదు.

తలుపు తట్టి లోపలికెళ్లాడు. అమ్మమ్మ ఆశ్చర్యపోలేదట, ఇస్త్రీ చొక్కాను పైనుంచి కిందికి చూసిందట.

“ఎంతవరకు విన్నారు?”

“నీ వల్ల ఏమన్నా అయితే, అన్నావు కదా. అసలేమనుకుంటున్నావో చెప్పబోయావు. అక్కడ ఆపేశాను.”

“ఆపేశారా? మీరా?”

“నాకు చెప్పాలనుకుంటే నాకే చెప్తావు. చాటుగా వద్దనిపించింది.”

“అయితే రెండేళ్ల నుంచి ఎందుకు రాలేదు?”

తాత చొక్కా మీది గుండీ దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఈ గాటు చూసి నీకు రోతేసిందనుకున్నాను. మంచం నువ్వే కదా బయట వేయించావు.”

“ఇంత అనుమానం పెట్టుకుని ఒక్కసారి నన్నడగడానికేం?” అంది అమ్మమ్మ.

“నువ్వు డాక్టర్ని అడిగావా?”

పొడుగమ్మాయి లేచి వెళ్లాలో కూర్చోవాలో తెలియక గోడకు అతుక్కుపోయి ఉంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో వాళ్ల పుస్తకంలో లేదు. అమ్మమ్మే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, “బాగా అడిగావమ్మా, ఇంకెక్కడా పెన్ను పడేసుకోకు” అంది. పెన్ను సంగతి ఈవిడకెలా తెలుసని తాత నన్ను ఇప్పటికీ ప్రశ్నిస్తుంటాడు. నేను కిటికీలోంచి చూస్తుంటాను.

మేడమ్ వచ్చి ఇద్దరికీ క్షమాపణ చెప్పింది. గుమాస్తాను తిట్టబోతే అమ్మమ్మే అడ్డుపడింది. పిల్లలు విన్నదేదీ ఆ గది దాటి పోదని మేడమ్ మాటిచ్చింది. శ్రమ సంగతి మీరైనా చెప్పండని అమ్మమ్మ అడిగితే, నేను గుండె డాక్టర్ని కాదమ్మా, ఇద్దరూ కలిసి ఆ డాక్టర్నే అడగండి, ఈ అమ్మాయి అడిగినంత సూటిగా అడగండి అంది. నిజం కార్డుకు మరీ దగ్గరైందని తాతకు నెల రోజులు సెలవిచ్చింది. తాతకు కోపమొచ్చింది కానీ నియమం నియమమే.

మర్నాడే ఆసుపత్రికి వెళ్లారు. దారంతా ఎవరు అడగాలన్నది వంతులేసుకున్నారట. డాక్టరు గదిలోకి వెళ్లాక తాత గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. అమ్మమ్మ అడిగేసింది. డాక్టరు కంప్యూటరు వైపు తిరిగి, చెవులు ఎర్రబడి, రోజూ నడుస్తున్నారా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఛాతీలో నొప్పుందా అని వరుసగా అడిగాడు. ఏదీ లేదన్నాడు తాత.

“అయితే ఏ ఇబ్బందీ లేదు. మీ విషయంలో ఆపరేషనైన రెండు మూడు నెలలకే పర్వాలేదు” అన్నాడు.

“ఆ ముక్క అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అంది అమ్మమ్మ.

“మీరు అడగలేదమ్మా.”

“ఇద్దరిలో చదువుకున్నది మీరా, నేనా?”

డాక్టరు బల్ల మీది చీటీలు సర్దడం మొదలుపెట్టాడు. తాత ఆ మనిషి చేతుల వైపు చూసి జాలిపడ్డాడట. వస్తూ వస్తూ, యూనివర్సిటీలో గురువారం క్లాసొకటుంది, వీలైతే వెళ్లండి అని చెప్పి మరీ వచ్చాడు.

ఇద్దరి అనుమానాలూ పోయాయని నేను చెప్పను. తను అద్దం వెనకున్నట్టు అమ్మమ్మకు ముందే తెలుసని తాత నమ్మకం. స్పీకరు ఆపాడంటే అమ్మమ్మ ఇంకా సగమే నమ్ముతుంది. అసలేమనుకుంటున్నదీ ఆవిడ ఆయనకు చెప్పిందో లేదో నాకు తెలియదు. అడిగితే ఇద్దరూ ఒకేలా కసురుతున్నారు కాబట్టి చెప్పే ఉంటుంది.

నెలాఖరు సాయంత్రం చెల్లెలి ఫోన్ వచ్చింది. తాత పేపరు చదువుతూ ఒక్క పేజీ కూడా తిప్పలేదు. నేను స్పీకరు నొక్కాను. అమ్మమ్మ వద్దనలేదు.

“ఏమక్కా, టికెట్టు ఎప్పటికి తీయించను?”

“నేను రావడం లేదే. మీ బావగారి ఒంట్లో బాగుపడింది” అంది అమ్మమ్మ.

“బాగుపడితే ఇంకా మంచిదేగా, నిశ్చింతగా రావచ్చు.”

“బాగుపడబట్టే రావడం లేదు” అంది అమ్మమ్మ, ఫోన్ నా చేతిలోంచి లాక్కుని స్పీకరు ఆపేస్తూ.